చేతి వణుక్కి ఫోకస్డ్ అల్ట్రాసౌండ్: ఓ వాచీ మెకానిక్ రివ్యూ

ముందే చెప్పేస్తాను. కుడిచేతి వణుక్కి చేయించుకున్నాను, పనిచేసింది. ఇప్పుడు మళ్లీ అడిగినా చేయించుకుంటాననే అంటాను. కానీ కరపత్రంలో రాసినంత సుఖంగా అయితే జరగలేదు. వీడియోల్లో చూపించినట్టు అలా పడుకుని ఇలా లేచి కాఫీ గ్లాసు పైకెత్తి నవ్వేసే వ్యవహారం అసలే కాదు. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కూ మెషీన్‌కి కాదు, దాని చుట్టూ ఉన్న మనుషులకీ కాగితాలకీ.

చికిత్స పేరు ఎంఆర్ గైడెడ్ ఫోకస్డ్ అల్ట్రాసౌండ్. అంటే ఎంఆర్ఐలో చూసుకుంటూ, శబ్దతరంగాల వేడితో మెదడులో ఒక చిన్న చోటుని కాల్చడం. ఆసుపత్రి పేరు, ఊరు రాయను. పక్క రాష్ట్రంలో ఉన్న పెద్దాసుపత్రి అనుకోండి చాలు. మన తిరుపతి, చిత్తూరు వాళ్లకి పెద్ద జబ్బంటే వేలూరో చెన్నయో బెంగుళూరో వెళ్లడం అలవాటే కదా, అలాగే నేనూ వెళ్లొచ్చాను.

నాది గాంధీ రోడ్డు పక్క సందులో వాచీ రిపేరు అంగడి. మా నాయన పెట్టింది. ఆయనకీ చేతులు వణికేవి, వయసు మీద పడిందని అందరూ వదిలేశారు. నాకు నలభై దాటగానే మొదలైంది. దీన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారట, చాలా ఇళ్లల్లో వంశంలోనే వస్తుందట. పార్కిన్సన్ వేరు, ఇది వేరు. పార్కిన్సన్‌లో ఎక్కువగా చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు వణుకుతుంది, పనిలో పెడితే కాస్త నెమ్మదిస్తుంది. నాది పూర్తిగా తిరగేసి. ఒళ్లో ఉంటే బుద్ధిగా ఉంటుంది, ట్వీజర్ పట్టుకున్నానా, మొదలు.

ఆ పని ఎలాంటిదో తెలియకపోతే నా బాధ అర్థం కాదు. హెచ్‌ఎంటీ జనతా వాచీ విప్పితే లోపల బ్యాలెన్స్ వీల్ ఉంటుంది. దాని ఇరుసు కొనలు మామూలు కంటికి ఆనవు. ఆ వీల్‌కి తగిలించిన హెయిర్ స్ప్రింగ్‌ని ట్వీజర్ కొన ఒక్కసారి తప్పుగా తాకిందంటే చుట్టలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఆ పూటంతా దానికే సరిపోతుంది. నేను మోచేతులు రెండూ బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి కొన్నేళ్లు లాక్కొచ్చాను. తర్వాత కీ ఇచ్చే వాచీలు తీసుకోవడం మానేసి సెల్లులు మార్చడం, బెల్టులు వేయడంతో సరిపెట్టుకున్నాను. నాయన నేర్పిన పని చేతిలో ఉండి కూడా, "లేదన్నా, స్పేర్లు దొరకవు" అని అబద్ధం చెప్పి పాత వాచీలు తిప్పి పంపేవాడిని.

బ్యాంకులో సంతకం కలవదు. గుడిలో తీర్థం నోటికి చేరేలోపు సగం మోచేతి మీదుగా కారిపోతుంది. అన్నిటికంటే మంట పుట్టించేది మనుషుల చూపు. చేతులు వణికితే మనవాళ్లకి ఒకటే అర్థం: రాత్రి మందు ఎక్కువైంది, లేదా పొద్దున ఇంకా పడలేదు. నేను తాగను. తమాషా ఏమిటంటే, న్యూరాలజీ డాక్టరు కూడా మొదట అదే అడిగాడు, "ఒక పెగ్గు వేస్తే వణుకు తగ్గుతుందా?" అని. ఈ జబ్బు ఉన్న చాలామందికి మందు పడితే కాసేపు తగ్గుతుందట, అందుకని గుర్తుపట్టడానికి అడుగుతారట. పక్కనే కూర్చున్న మా ఆవిడ ముఖం చూడాలి.

ముందు మందులతోనే మొదలుపెట్టారు. ప్రొప్రనలాల్ వేసుకుంటే వణుకు కొంత తగ్గింది, కానీ నాడి కూడా తగ్గిపోయి రెండంతస్తులు ఎక్కితే కూలబడేవాణ్ణి. ఉబ్బసం ఉన్నవాళ్లకైతే అది అసలే ఇవ్వరట. తర్వాత ప్రిమిడోన్ ఇచ్చారు. అది వేసుకుంటే మధ్యాహ్నం కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉండగానే నాకు తల వాలిపోయేది. మందులు పనిచేయవని అనడం లేదు, ఎందరికో వాటితోనే గడిచిపోతుంది. నాకు గడవలేదు.

అప్పుడు డాక్టరు రెండు దారులు చెప్పాడు. ఒకటి డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్. పుర్రెకి రంధ్రం చేసి మెదడులోకి సన్నని తీగ దింపుతారు, ఛాతీ పైభాగంలో చర్మం కింద బ్యాటరీ పెడతారు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో డాక్టర్ బెనబిడ్ బృందం మొదలుపెట్టిన పద్ధతి అది. దాని గొప్పతనం ఏమిటంటే కరెంటు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, నచ్చకపోతే ఆపేసుకోవచ్చు. రెండు చేతులకీ చేసుకోవచ్చు. అయితే కొన్నేళ్లకి బ్యాటరీ మార్చాలి. జీవితమంతా జనాలకి సెల్లులు మార్చిన వాణ్ణి, నా ఒంట్లో సెల్లు ఇంకొకడు మార్చడమా అనిపించింది. ఇది వైద్యపరమైన కారణం కాదని నాకూ తెలుసు.

రెండోది ఈ అల్ట్రాసౌండ్. కడుపుతో ఉన్నవాళ్లకి స్కానింగ్ చేసే శబ్దతరంగాలే, కాకపోతే వీటిని ఒకచోట కూడగట్టి వేడి పుట్టిస్తారు. చిన్నప్పుడు నాయన ఐగ్లాస్ ఎత్తుకెళ్లి ఎండలో కాగితం కాల్చేవాణ్ణి. సూత్రం అదే. తలకి తొడిగే హెల్మెట్‌లో 1024 చిన్న చిన్న పరికరాలు ఉంటాయి. ఒక్కోటి పంపే తరంగం బలహీనమైనది, దారిలో దేన్నీ ఏమీ చేయదు. అన్నీ కలిసే చోట మాత్రం వేడి 55 నుంచి 60 డిగ్రీల దాకా లేచి అక్కడి కణాలు చచ్చిపోతాయి. ఆ చోటు మెదడు లోపల ఉండే థాలమస్ అనే భాగంలో విమ్ అని పిలిచే కేంద్రకం. చిన్నమెదడు నుంచి కదలికల సమాచారం పైకి వెళ్లే దారి అది. వణుకు పుట్టించే సంకేతం కూడా ఆ దారినే పోతుంది కాబట్టి అక్కడ నాలుగైదు మిల్లీమీటర్ల మేర కాల్చేస్తారు. కుడిచెయ్యి బాగుపడాలంటే మెదడులో ఎడమవైపు.

ఇందులో నన్ను పడేసిన సంగతి ఒకటుంది. పుర్రె అంతా ఒకే మందంలో ఉండదు. ఎముకలో శబ్దం వేగం వేరు, కాబట్టి మందంగా ఉన్నచోట దూరిన తరంగం ఒకలా, పల్చగా ఉన్నచోట దూరినది ఇంకోలా చేరుతుంది. అలా ముందూ వెనకా చేరితే వేడి ఒకచోట కూడదు. అందుకని ముందే సీటీ తీసి, పుర్రెలో ఏ చోట ఎంత మందమో కంప్యూటర్‌కి ఇస్తారు. ఆ లెక్క ప్రకారం 1024లో ప్రతిదాన్నీ విడివిడిగా సర్దుతుంది, అన్నీ ఒకే క్షణంలో ఒకే చోట కలిసేలా. క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది, ఆ అంకె చూసే మేం అబ్బో అనుకునేవాళ్లం. ఈ హెల్మెట్ సెకనుకి దాదాపు ఆరున్నర లక్షల కంపనాల మీద పనిచేస్తుందట. టైమింగ్ మీద బతికేవాణ్ణి కదా, ఆ మాట విన్నాక నాకు భయం సగం పోయింది. 1950లలోనే అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఫ్రై సోదరులు మెదడు మీద ఈ తరంగాలు వాడారు. అయితే ఎముక అడ్డం కాబట్టి ముందు పుర్రె తెరవాల్సి వచ్చేది. ఆ అడ్డం దాటే లెక్క, లోపల ఎంత వేడెక్కిందో అప్పటికప్పుడు చూపించే ఎంఆర్ఐ, ఈ రెండూ కుదిరాకే ఇది మామూలు చికిత్స అయింది. అమెరికాలో ఎసెన్షియల్ ట్రెమర్‌కి 2016 జులైలో అనుమతి వచ్చింది. వణుకే ముఖ్య లక్షణంగా ఉన్న పార్కిన్సన్‌కి 2018లో.

ఇక కౌన్సెలింగ్ సంగతి. ఆసుపత్రిలో ఒకమ్మాయి చక్కగా మాట్లాడింది. కోత లేదు, కుట్టు లేదు, రక్తం లేదు, మత్తు లేదు, రేపే ఇంటికి. అన్నీ నిజాలే. కాల్చిన చోటు మళ్లీ రాదనే మాట మాత్రం నేను అడిగితే గానీ ఆ నోట రాలేదు. నడక తూలొచ్చు, పెదవి దగ్గర, వేళ్ల కొసల్లో తిమ్మిరి రావొచ్చు అనేది ఇంగ్లీషులో ఉన్న సమ్మతి పత్రంలో ఎక్కడో లోపలి పేజీలో ఉంది. మావాడు ఇంజనీరింగ్ చదివాడు కాబట్టి కూర్చుని చదివి చెప్పాడు. చదువురాని రైతు వస్తే వేలిముద్ర వేసి లోపలికి పోవడమే. మార్కు తగ్గించింది ముఖ్యంగా ఇందుకే.

మావాడే 2016లో ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం వెతికి చూపించాడు. వర్జీనియా విశ్వవిద్యాలయం డాక్టర్ ఇలియాస్ నాయకత్వంలో చేసింది. 76 మంది. అందులో 56 మందికి నిజంగా చేశారు, 20 మందికి చేసినట్టు నటించారు. చేతి వణుకుకి వేసే మార్కులు చేసినవాళ్లకి మూడు నెలల్లో 18.1 నుంచి 9.6కి పడ్డాయి. నటించినవాళ్లకి 16 నుంచి 15.8, అంటే ఏమీ లేదు. అక్కడే ఇంకో అంకె కూడా ఉంది. చేయించుకున్న వాళ్లలో 36 శాతానికి నడక తేడా వచ్చింది, 38 శాతానికి తిమ్మిరి. ఏడాది తర్వాత కూడా మిగిలింది వరసగా 9, 14 శాతానికి. సగటున వణుకు సగం తగ్గుతుంది, మాయం కాదు. ఈ ఒక్క పేరా తెలుగులో అచ్చు వేసి ప్రతి పేషెంటు చేతిలో పెట్టడానికి ఆసుపత్రికి పైసా ఖర్చు కాదు.

అందరికీ ఇది పనికిరాదు. పుర్రె ఎముకలో బయట గట్టి పొర, లోపల గుల్ల పొర ఉంటాయి. ఆ రెండింటి సాంద్రతల నిష్పత్తిని సీటీలో కొలుస్తారు. 0.4కి తక్కువుంటే తరంగం ఎముకలోనే చాలావరకు పోతుంది, లోపల వేడి చాలదు. నాది దాటింది. నాతోపాటు కూర్చున్న చిత్తూరాయన, మామిడికాయల మండీ మనిషి, ఆయనది బాగా తక్కువ వచ్చింది. సీజన్ మధ్యలో మండీ వదిలేసి, భార్యనీ బావమరిదినీ వెంటబెట్టుకుని వచ్చాడు. "నా తలకాయ మందమని మా నాయన చిన్నప్పుడే చెప్పినాడు సామీ, అప్పుడు నమ్మలా" అని నవ్వాడు గానీ ఆ నవ్వులో ఏమీ లేదు. మీరు వెళ్లదలిస్తే ఈ సీటీ ఇక్కడే తీయించి పంపొచ్చా, ఎలా తీయించాలి అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మామూలు సీటీ చాలదు, పల్చటి ముక్కలుగా తీయాలి, సెంటర్ వాళ్లకి ఆ వివరం కాగితం మీద ఇవ్వాలి. పేస్‌మేకర్ లాంటివి ఉన్నవాళ్లు, ఎంఆర్ఐ గొట్టంలో ఉండలేని వాళ్లు, రక్తం పల్చబడే మందుల మీద ఉన్నవాళ్లు మొదటే చెప్పాలి.

ఆ రోజు సంగతి. పొద్దున్నే గుండు కొట్టారు. వెంట్రుకల్లో గాలి బుడగలు చిక్కుకుంటే తరంగం ఆగిపోతుందట, అందుకని నున్నగా గీస్తారు. తిరుపతివాణ్ణి, గుండుకి బాధపడతానా. కాకపోతే కొండ మీద కొట్టించుకుంటే పుణ్యం, ఇక్కడ బిల్లులో వేశారు. తర్వాత నాలుగుచోట్ల తిమ్మిరి ఇంజెక్షన్లు ఇచ్చి తలకి లోహపు ఫ్రేము మరలతో బిగించారు. మరల సంగతి నాకు తెలుసు, ఎంత బిగిస్తే నిలుస్తుందో చెప్పగలను. ఈ బిగింపు అదీ దాటింది. ఇంజెక్షన్ నొప్పి క్షణమే, ఆ నొక్కుడు మాత్రం చాలాసేపు. "నొప్పి ఉండదు" అని ఎవరైనా చెబితే వాళ్లకి ఆ ఫ్రేము ఎప్పుడూ బిగించలేదని అర్థం.

ఫ్రేము మీద రబ్బరులాంటి పొర తొడిగి, దానికీ హెల్మెట్‌కీ మధ్య చల్లటి నీళ్లు నింపుతారు. ఎముక వేడెక్కకుండా ఆ నీళ్లు తిరుగుతూనే ఉంటాయి. మార్గశిరం తెల్లవారుజామున పుష్కరిణిలో మునిగి అలవాటున్నవాణ్ణే, అయినా తల ఒక్కటే చల్లబడి ఒళ్లంతా వెచ్చగా ఉండటం చిత్రంగా ఉంది. చేతిలో ఒక బటన్ పెట్టారు. భరించలేకపోతే నొక్కితే ఆగిపోతుంది. ఆ బటన్ ఉండటమే సగం ధైర్యం.

మత్తు ఇవ్వరు, ఎందుకంటే పేషెంటే వాళ్లకి కొలత. ముందు తక్కువ వేడితో ఒకసారి, అది చచ్చేంత వేడి కాదు, ఆ చోటు సరైనదేనా అని చూసుకోవడానికి. బయటికి లాగి, అట్ట మీద కాగితం పెట్టి, సున్నాలు చుట్టుకుంటూ పోయే గీత గీయమంటారు. వేలు ముక్కుకి తాకించమంటారు. మాట తడబడుతుందా, మూతి వంకర పోతుందా, తిమ్మిరెక్కుతుందా అని అడుగుతారు. అన్నీ సరిపోతే మళ్లీ లోపలికి, ఇంకాస్త వేడి. ఒక్కో దఫా పదో ఇరవయ్యో సెకన్లే, కానీ మధ్యలో పుర్రె చల్లారేదాకా నిమిషాలకి నిమిషాలు ఆగాలి. అందుకే గంటలు పడుతుంది. అక్కడ నెల్లూరమ్మాయి ఒక నర్సు ఉంది, నా అదృష్టం. "అంకుల్, ఇప్పుడు కొంచెం గట్టిగా వస్తుంది, కదలొద్దు" అని ముందే తెలుగులో చెప్పేది. ఆ అమ్మాయి డ్యూటీ లేని రోజు మనవాళ్లు వెళ్తే ఏం చేస్తారో తెలియదు.

చివరి దఫాల్లో తల లోపల మంట పెట్టినట్టయింది, పడుకున్న బల్ల ఒకపక్కకి ఒరిగిపోతున్నట్టు తూలింది, వాంతి కూడా వచ్చింది. వేలు బటన్ మీదికి వెళ్లింది, నొక్కలేదు. ఇరవై సెకన్లే కదా అని అంకెలు లెక్కపెట్టుకున్నాను. సెకన్లు లెక్కపెట్టడం నాకు బాగా వచ్చు.

బయటికి లాగి మళ్లీ అట్ట ఇచ్చారు. పొద్దున గీసిన గీత, అదే పేజీలో పైన ఉంది. దాని అంచంతా రంపం పళ్లు. ఇప్పుడు గీసింది చుట్టు మీద చుట్టు ఎక్కడా తగలకుండా చివరిదాకా పోయింది. డాక్టరు ఏదో అంటున్నాడు, నాకు వినపడలేదు. నేను రెండో గీత అడక్కుండానే గీశాను, మూడోది కూడా. పక్కన ఖాళీ ఉంటే సంతకం కూడా పెట్టాను. పెళ్లప్పటి సంతకం అది.

ఇంతవరకే చెప్పి ఆపితే వీడియో అవుతుంది. తర్వాతి వారాల గురించి కూడా చెప్పాలి. కాల్చిన చోటు చుట్టూ వాపు వస్తుంది. అది పెరిగి తగ్గేదాకా నడక తూలుతుంది. ఇంటికొచ్చాక వీధిలో గోడ పట్టుకుని నడిచాను. గుండు, దానికితోడు తూలు. "తిరుమలలో గుండు కొట్టించుకొచ్చి మరీ తాగినావా నా" అని సందు చివర టీ అంగడివాడు అడిగాడు. వణుకు పోయినా ఆ నింద మాత్రం పోలేదు. వాపు తగ్గాక నడక సర్దుకుంది. పెదవి తిమ్మిరి కూడా పోయింది. కుడి బొటనవేలు కొస మాత్రం ఇంకా కాస్త మొద్దుబారే ఉంది. వేరే పనివాళ్లకి అది లెక్కలోకి కూడా రాదేమో. నాకు మర పట్టిందా లేదా అనేది ఆ వేలే చెప్పాలి. ఇప్పుడు వేలికి తెలియనిది కంటితో చూసుకుంటున్నాను. ఐగ్లాస్ పెద్దది తీసుకున్నాను. ఈ బేరం నాకు లాభమే, అయినా ఇది బేరమేనని ఎవరూ ముందు చెప్పలేదు.

పని సంగతి అడిగితే, హెచ్‌ఎంటీ జనతా, పైలట్ వాచీలు మళ్లీ విప్పుతున్నాను. కడగడం, నూనె వేయడం, బిగించడం అన్నీ అవుతున్నాయి. చిక్కుపడ్డ హెయిర్ స్ప్రింగ్ పొద్దున పూట అయితే చేస్తాను, సాయంత్రం అలసిపోయాక సన్నగా వణుకు తెలుస్తుంది, అప్పుడు ముట్టుకోను. ఎడమచెయ్యి ఎప్పటిలాగే వణుకుతుంది, దాని పని క్లాంపుకి అప్పజెప్పాను. రెండోవైపు కూడా చేయొచ్చని 2022 డిసెంబరులో అమెరికాలో అనుమతి ఇచ్చారు, మొదటిదానికీ రెండోదానికీ కనీసం తొమ్మిది నెలలు ఎడం ఉండాలి. కానీ రెండువైపులా కాలిస్తే మాట, నడక దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. బేరమాడే గొంతు లేకుండా గాంధీ రోడ్డులో అంగడి నడవదు, కాబట్టి నేను ఆగాను.

డబ్బు. లక్షల్లో మాట. చంద్రగిరి వైపు ఉన్న స్థలం అమ్మాను, మిగతాది ఇన్సూరెన్సు మీద పెట్టుకున్నాను. ఇక్కడ ఒక ముచ్చట. మన దేశంలో ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పాలసీలు మినహాయించకూడని ఆధునిక చికిత్సలు 12 ఉన్నాయి. డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అందులో విడిగా ఉంది. ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ కూడా హైఫు అనే పేరుతో ఉంది, కాకపోతే గర్భాశయ రక్తనాళాన్ని మూసే చికిత్సతో కలిపి ఒకే వరసలో రాశారు. మా కంపెనీ ఆయన ఆ వరస చూసి ఫోన్‌లో, "సార్, ఇది గర్భసంచి గడ్డలకి ఇచ్చే కవరేజీ అండీ" అన్నాడు. "నాకు గర్భసంచి లేదు నాయనా, తలకాయ ఉంది" అన్నాను. ఆయన నవ్వలేదు, క్లెయిమ్ తిరగ్గొట్టాడు. డాక్టరుతో జబ్బు, మందులు వాడినా తగ్గని సంగతి, చికిత్స పేరు విడివిడిగా రాయించి, ఆ మార్గదర్శకం పేజీ జతపెట్టి మళ్లీ పంపాం. కంపెనీ ఫిర్యాదు విభాగానికి రాశాం. కొంత ఇచ్చారు, పాలసీలో ఈ చికిత్సలకి పరిమితి ఉందని మిగతాది కోశారు. ఆ పరిమితి పెట్టుకునే వీలు వాళ్లకి ఉంది కాబట్టి ముందే పాలసీ తెరిచి చూసుకోండి. కంపెనీ వినకపోతే మనకి బీమా అంబుడ్స్‌మన్ హైదరాబాద్‌లో ఉంటారు, ఫీజు లేదు, కానీ ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి ఉండాలి.

నా సంగతి తెలిశాక అంగడికి వాచీల కంటే మనుషులే ఎక్కువ వస్తున్నారు. బైరాగిపట్టెడ నుంచి ఒకమ్మ వచ్చింది, వాళ్ల అత్తకి మతిమరుపు, ఎవరో ఈ మెషీన్‌తో పోతుందని చెప్పారట. అమ్మా, అది వేరే సంగతి. మతిమరుపులో వీళ్లు కాల్చరు. రక్తంలోకి సన్నని బుడగలు ఎక్కించి, తక్కువ బలం తరంగాలతో మెదడు రక్తనాళాల గోడ కాసేపు తెరిచి మందు లోపలికి పంపాలని చూస్తున్నారు. 2024 జనవరిలో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు ప్రకటించిన దాంట్లో ఉన్నది ముగ్గురే పేషెంట్లు. వాడిన అల్జీమర్స్ మందుని తయారుచేసిన కంపెనీయే అదే ఏడాది ఆపేసింది. ప్రయోగం మంచిదే కావొచ్చు, దానికోసం ఎవరూ ఇంటి స్థలం అమ్మాల్సిన పని లేదు. డిప్రెషన్‌కి, తాగుడు మాన్పించడానికి అని చెప్పే కరపత్రాలూ చూశాను. వాటి మీద ఇంకా పరిశోధనలే నడుస్తున్నాయి. పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయినవాళ్లకి ఇది కాదు. తల ఊగడం, గొంతు వణకడం ఎక్కువగా ఉన్నవాళ్లకి ఒకవైపు చేస్తే చేతికి వచ్చినంత ఫలితం రాదని మా డాక్టరే చెప్పాడు.

పార్కిన్సన్ వాళ్లకి ఒక మాట. వణుకు తగ్గొచ్చు గానీ జబ్బు ఆగదు, మందులు మానే పని లేదు. మా ఎదురు చీరల అంగడి పెద్దాయన ఇది రెండుసార్లు అడిగి, రెండుసార్లూ మర్చిపోయినట్టు నటించాడు.

వెళ్లేవాళ్లు ఇద్దరు మనుషుల్ని తోడు తీసుకెళ్లండి, ఒకరు కాగితాలకి, ఒకరు మీకు. సమ్మతి పత్రం ముందురోజే అడిగి ఇంటికి, అదే, లాడ్జికి తెచ్చుకుని చదివించుకోండి. చికిత్సకి ముందు గీసిన గీతల కాగితం కాపీ అడగండి, ఇస్తారు, ఇన్సూరెన్సుకి కూడా పనికొస్తుంది. తిరుగు ప్రయాణానికి రైల్లో లోయర్ బెర్త్ తప్పక వేయించుకోండి. నాకు అప్పర్ పడింది, కాట్పాడి దాకా టీటీఈని బతిమాలుకున్నాను.

ఇంకొకటి, ఫ్రేము మరల గాట్లు నుదుటి మీద కొన్నాళ్లు కనపడతాయి. నామం కాస్త వెడల్పుగా పెట్టుకుంటే సరిపోతుంది.